గ్లౌజు ఇప్పటి చేతికి సరిపోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

పిల్లల క్రీడా సామగ్రి ఎంపిక గురించి ఇటీవల మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసంలో చాలా విషయాలు తల్లిదండ్రులకు పనికొచ్చేవే. అయితే బేస్‌బాల్‌ను పోలి, అంతకంటే పెద్ద బంతితో ఆడే సాఫ్ట్‌బాల్‌లో బంతి పట్టే గ్లౌజు దగ్గరికి వచ్చేసరికి ‘ఎదిగే వయసు కాబట్టి ఒక సైజు పెద్దది కొంటే రెండు మూడేళ్లు వాడుకోవచ్చు’ అని రాసిన వాక్యం మాత్రం సరైనది కాదని, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఈ ఆట నేర్పే శిక్షకురాలిగా చెప్పక తప్పడం లేదు. కొత్తగా మైదానానికి వచ్చే పిల్లల్లో ‘దీనికి బంతి అంటే భయం’ అని ఇంట్లోవాళ్లే ముద్ర వేసి పంపినవారు కొందరుంటారు. వారి చేతికున్న గ్లౌజు తీసి చూస్తే, ఆ భయానికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

పెద్ద సైజు చొక్కా తొడుక్కున్న పిల్లవాడు కాస్త వదులుగా కనిపిస్తాడే తప్ప అతని పరుగు ఆగిపోదు. గ్లౌజు సంగతి అలా కాదు, చేతికి తొడుక్కునేదే అయినా అది పనిముట్టు. వేళ్ల బలంతో అది మూసుకోవాలి, వచ్చిన బంతిని లోపల నిలపాలి, మరుక్షణం ఆ బంతి విసిరే చేతికి అందాలి. గ్లౌజు పొడవు పెరిగినకొద్దీ దాని బరువు చేతికి దూరంగా, వేళ్ల కొసల అవతల వేలాడుతుంది. దాంతో పిల్ల మణికట్టు కిందికి వాలిపోతుంది, బంతి వచ్చే సమయానికి గ్లౌజు ముఖం పూర్తిగా తెరుచుకోదు, తెరుచుకున్నా సకాలంలో మూసుకోదు. తగిలిన బంతి బయటికి ఎగిరిపడుతుంది. ఒకటి రెండుసార్లు అలా జరిగాక ఏ పిల్ల అయినా రెండో చేతిని అడ్డం పెట్టి బంతిని నొక్కిపట్టడం అలవాటు చేసుకుంటుంది. ఆ చేతి వేళ్ల కొసలకు ఒక్క దెబ్బ తగిలిందంటే ఇక బంతి దగ్గరికి రాగానే ముఖం పక్కకు తిప్పేస్తుంది. అప్పుడు మనం ‘కన్ను బంతి మీద పెట్టు’ అని ఎంత అరిచినా లాభం ఉండదు.

పట్టిన తర్వాత కూడా నష్టం ఉంది. చేతికి మించిన గ్లౌజులో బంతి ఎక్కడో లోతున కూర్చుంటుంది, విసిరే చెయ్యి దాన్ని వెతుక్కోవాల్సి వస్తుంది. సాఫ్ట్‌బాల్‌లో పరుగెత్తేవారు ఒక్కొక్కటిగా చేరుకోవాల్సిన బేసుల మధ్య దూరం 60 అడుగులు, అంటే 18.29 మీటర్లు మాత్రమే. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో పరుగెత్తే అమ్మాయికి, బేసుల దగ్గర కాపలా కాసే ఇన్‌ఫీల్డర్ అలా తడుముకునే అర సెకనులో మూడు మీటర్లు కలిసొస్తాయి. ఫస్ట్ బేస్ దగ్గర అవుటా కాదా అన్నది తేలేది అంతకంటే చాలా తక్కువ తేడాతోనే.

అలాగని చిన్నప్పటి గ్లౌజునే లాక్కురమ్మని నేను చెప్పడం లేదు. ఈ వయసులో గ్లౌజు మార్చాల్సిన అవసరం నిజంగానే వస్తుంది, దానికి కారణం చెయ్యి పెరగడం ఒక్కటే కాదు, బంతి కూడా పెరుగుతుంది. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో సాధారణంగా 11 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి వాడతారు. ఆ తర్వాత 12 అంగుళాల బంతి వస్తుంది. మొదటిది 170 గ్రాముల చుట్టుపక్కల ఉంటే, రెండోది 178 నుంచి 198 గ్రాముల వరకు తూగుతుంది. చిన్న గ్లౌజులో ఆ పెద్ద బంతి సగం బయటే ఉండిపోతుంది. ఇంట్లో అన్నయ్యదో మామయ్యదో బేస్‌బాల్ గ్లౌజు ఉంది కదా, అదే సరిపోతుందిలే అనుకునేవారికి కూడా ఇదే సమాధానం. బేస్‌బాల్ చుట్టుకొలత 9 అంగుళాలకు కాస్త పైన ఉంటుంది, దాని గ్లౌజులో బంతి కూర్చునే పాకెట్ లోతూ వెడల్పూ ఆ లెక్క ప్రకారమే ఉంటాయి. పైగా పెద్దల చేతులకు కుట్టినది కావడం వల్ల వేళ్లు దూర్చే గదులు, చెయ్యి పెట్టే నోరు ఈ పిల్లలకు మరీ వదులవుతాయి. 1887లో షికాగోలో జార్జ్ హాన్‌కాక్ మిత్రబృందం నాలుగు గోడల మధ్య ఈ ఆట మొదలుపెట్టినప్పుడు బంతి స్థానంలో వాడింది తాళ్లతో బిగించి కట్టిన బాక్సింగ్ గ్లౌజునే అంటారు. ఆ ఊళ్లో 16 అంగుళాల బంతితో గ్లౌజులే లేకుండా ఆడే పద్ధతి ఇప్పటికీ ఉంది. బంతిని వేగంగా వేసే ఫాస్ట్‌పిచ్ పద్ధతిలో ఆడే మన పిల్లల విషయంలో మాత్రం ఆ వేగానికి గ్లౌజు లేకుండా నిలబడడం ఎవరి తరమూ కాదు.

ఇక అంగుళాల లెక్క. గ్లౌజు మీద ముద్రించిన 11.5, 12, 12.5 వంటి అంకె చేతి కొలత కాదు. గ్లౌజు చూపుడువేలి కొస నుంచి పాకెట్ మీదుగా కిందికి, అరచేతి అడుగు అంచు వరకు టేపు పరిచి కొలిచిన పొడవు. ఆ అంకె ఒకటే అయిన రెండు గ్లౌజుల్లో ఒకటి మీ అమ్మాయి చేతికి అతుక్కున్నట్టు ఉండవచ్చు, రెండోది చేతిని కిందికి వేలాడదీయగానే జారి పడిపోవచ్చు. ఫాస్ట్‌పిచ్ కోసం ప్రత్యేకంగా చేసే గ్లౌజుల్లో వేళ్ల గదులు సన్నగా, నోరు ఇరుకుగా, మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీతో ఉంటాయి. బంతిని నెమ్మదిగా, ఎత్తుగా వేసే పెద్దల స్లోపిచ్ ఆట కోసం చేసినవి 14 అంగుళాల దాకా ఉంటాయి, వాటి జోలికి ఈ వయసులో పోనక్కర్లేదు. వయసు ఎదురుగా అంగుళాలు రాసిన పట్టిక వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి పనికొస్తుంది, అంతవరకే. బ్యాటర్ వెనుక కూర్చునే క్యాచర్ వాడే మిట్ (వేళ్ల గదులు విడిగా లేని గ్లౌజు) మీద 33 అని చూసి బెంబేలెత్తే తల్లిదండ్రులు కూడా ఉంటారు, అది మిట్ చుట్టుకొలత అని తెలిస్తే కంగారు తగ్గుతుంది.

కాబట్టి వీలున్నంతవరకు పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాలి, ఆటలో వాడే బంతిని కూడా వెంట తీసుకెళ్లాలి. బ్యాటింగ్ గ్లౌజు లోపల తొడుక్కుని ఆడే అలవాటు ఉంటే అదీ వేసుకునే పరీక్షించాలి. గ్లౌజు తొడిగించి పట్టీ బిగించాక చెయ్యి కిందికి దించి మెల్లగా ఊపమనండి, జారకూడదు. తర్వాత చెయ్యి ముందుకు చాపి, రెండో చేతి సాయం లేకుండా గ్లౌజు మూయమనండి. కొత్త తోలు బిగువుగా ఉంటుంది కనుక అంచులు పూర్తిగా కలవకపోవచ్చు. కానీ బొటనవేలు, చిటికెనవేలు తమ గదుల్లో ఉన్న చిన్న తోలు ఉంగరాల్లోకి చక్కగా అందాలి, ఆ రెండు వైపులూ ఆమె వేళ్ల బలానికి కదలాలి. వేళ్లు కదులుతూ గ్లౌజు కదలకపోతే, అది ఎంత మంచి తోలుదైనా పక్కన పెట్టేయడమే. ఆపైన పాకెట్‌లోకి బంతిని కొద్ది ఎత్తు నుంచి వదిలి, మూసి, అరచేతిని నేలవైపు తిప్పమనండి. బంతి నిలిస్తే, రెండో చేతిని లోపలికి పంపి చూడకుండానే దాన్ని బయటికి తీయమనండి. బొటనవేలి గదికీ చూపుడువేలి గదికీ మధ్య ఉండే వెబ్ అల్లికలో వేలు చిక్కుకుంటోందా, బంతి సులువుగా చేతికి వస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఈ పరీక్షంతా ముగిసేలోపు పిల్ల ముఖం చూస్తే చాలు, చాలావరకు తేలిపోతుంది. అమ్మానాన్నల మొహమాటానికి ‘బాగానే ఉంది’ అనే పిల్లలు ఉంటారు. వాళ్ల చేత మరో రెండు గ్లౌజులు తొడిగించి, మూడింటిలో ఏది సులువుగా మూసుకుందో చెప్పమంటే నిజం బయటికి వస్తుంది.

చేతులు బాగా చిన్నవిగా ఉన్న పిల్లలకు ఆటగాళ్లు వాడే ఉపాయం ఒకటుంది. చిటికెనవేలి గదిలోకి ఉంగరపు వేలిని కూడా పంపి, మిగిలిన వేళ్లను ఒక్కో గది చొప్పున అటువైపు జరిపి, చూపుడువేలి గదిని ఖాళీగా వదిలేస్తారు. గ్లౌజును మూసే వైపు రెండు వేళ్ల బలం తోడవుతుంది, పాకెట్ లోతు పెరుగుతుంది, బంతి నేరుగా చూపుడువేలి మొదట్లో తగిలి మండడం కూడా తగ్గుతుంది. అందరికీ నప్పుతుందని చెప్పను. ఒకసారి ప్రయత్నించి చూడడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

తోలు విషయంలో దుకాణదారులు చెప్పే మాటల్లో సగం నిజం ఉంటుంది. మందమైన ఎద్దుతోలు గ్లౌజు ఎక్కువకాలం మన్నుతుందన్నది నిజమే, కానీ దాన్ని దారికి తెచ్చుకోవడానికి రోజూ ఆడే పెద్ద క్రీడాకారిణికే చాలా సమయం పడుతుంది. వారానికి రెండు మూడు రోజులు ఆడే పదమూడేళ్ల పిల్ల చేతిలో అది నెలల తరబడి అట్టముక్కలా బిగిసే ఉంటుంది. పూర్తిగా కృత్రిమ పదార్థంతో చేసినది దీనికి విరుద్ధం. తేలికగా ఉంటుంది, మొదటి రోజే వంగుతుంది, కానీ పాకెట్ ఆకారం నిలవదు, బంతి దెబ్బ సూటిగా అరచేతికి తగులుతుంది. ఈ వయసుకు నేను సూచించేది అరచేతివైపు అసలు తోలు ఉండి, తయారీలోనే కొంత మెత్తబరిచిన గ్లౌజు. అది నాలుగైదేళ్లు రాకపోవచ్చు. చెయ్యి ఎలాగూ ఆ లోపే పెరుగుతుంది కనుక ఎక్కువ ఏళ్ల మన్నిక కోసం ఇప్పటి ఆటను పాడుచేసుకోవడంలో అర్థం లేదు. ప్రసిద్ధ క్రీడాకారిణుల సంతకం ముద్రించిన గ్లౌజుల గురించి చెప్పేదేమీ లేదు. సంతకం బంతిని పట్టదు. రంగు మాత్రం పిల్ల ఇష్టానికే వదిలేయండి, ఒక్క మినహాయింపుతో: పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసే అమ్మాయి) ధరించే గ్లౌజులో బంతి రంగు ఉండకూడదని నియమం ఉంది, కాబట్టి పిచింగ్ చేయాలనుకునే అమ్మాయికి మెరిసే పసుపుపచ్చ గ్లౌజు కొనిపెట్టకండి.

ఏ స్థానంలో ఆడుతుందన్నది కూడా చూడాల్సిందే, కానీ పదమూడేళ్లకే స్థానం స్థిరపడిపోయిందనుకోవడం తొందరపాటు. నేను చూసినంతలో ఈ వయసులో రెండు, మూడు బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌గా మొదలైన పిల్లలు బేసుల వెనకుండే ఔట్‌ఫీల్డ్‌కీ, ఔట్‌ఫీల్డ్‌లో ఉన్నవారు పిచింగ్‌కీ మారుతూనే ఉంటారు. అందుకే మొదటి సొంత గ్లౌజుగా 11.5 నుంచి 12.5 అంగుళాల మధ్యలో చేతికి సరిపోయేది తీసుకుంటే ఎక్కడైనా గడిచిపోతుంది. ఔట్‌ఫీల్డ్ మాత్రమే ఆడే పొడగరి అమ్మాయికి 12.5 లేదా 13 ఇవ్వవచ్చు. పిచర్‌కు వేళ్ల పట్టు బ్యాటర్‌కు కనిపించకుండా మూసి అల్లిన వెబ్ కావాలి. ఇన్‌ఫీల్డర్లలో ఎక్కువమంది సందులున్న వెబ్ వాడతారు, మట్టి అందులోంచి రాలిపోతుంది, బరువూ కాస్త తగ్గుతుంది. వేళ్ల గదులు విడిగా లేని మిట్‌ను సాధారణంగా వాడేది క్యాచర్, ఫస్ట్ బేస్ ఆటగాళ్లే కనుక, ఆ రెండు స్థానాల్లో స్థిరపడే దాకా మిట్ కొనడం దండగ. జట్టులో ఒకటి ఉంటే సరిపోతుంది.

కొన్న తర్వాత దాన్ని మెత్తబరిచే పేరుతో జరిగే అఘాయిత్యాల గురించి రాయాలంటే మరో ఉత్తరం కావాలి. నీళ్లలో నానబెట్టడం, ఓవెన్‌లో పెట్టడం, కారు చక్రం కింద నలపడం, నూనె పోసి ఊరబెట్టడం, ఇవన్నీ తోలు ప్రాణం తీసే పనులే. వేడికి తోలు పీచు ఎండి పగుళ్లు వస్తాయి. ఎక్కువైన నూనె లోపలికి ఇంకి గ్లౌజును బరువెక్కిస్తుంది, ఒకసారి ఇంకిన నూనెను తిరిగి రాబట్టలేం. పరుపు కింద పెట్టి పడుకోవడం కూడా మంచిది కాదు, బంతి లేకుండా చదునుగా నొక్కితే పాకెట్ ఉండాల్సిన చోట మడత పడుతుంది. గ్లౌజుల కోసం అమ్మే తోలు క్రీమును పొడిగుడ్డతో పలచగా రాసి, బొటనవేలివైపు, చిటికెనవేలివైపు మడత పడే చోట్ల చేత్తో నలపాలి. చెక్క సుత్తితో పాకెట్‌ను కొట్టడం, రాత్రి బంతిని లోపల ఉంచి కట్టిపెట్టడం ఉపయోగపడతాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది రోజూ ఎవరో ఒకరితో కాసేపు బంతి విసురుకోవడం. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, బొటనవేలి అంచు చూపుడువేలి దగ్గరికి కాకుండా ఉంగరపు వేలు, చిటికెనవేలి వైపుకు వచ్చి కలిసేలా మొదటి నుంచీ మడత అలవాటు చేయాలి. మొదటి రకం మడతలో పాకెట్ ఇరుకై 12 అంగుళాల బంతి నిలవదు, పడిన మడతను తర్వాత మార్చడం చాలా కష్టం. తడిసిన గ్లౌజును తుడిచి, లోపల బంతి పెట్టి, నీడలో ఆరనివ్వాలి. లేసులు వదులైతే వెంటనే బిగించుకోవాలి.

ఎవరైనా అక్క ఆడి వదిలేసిన గ్లౌజు సైజు కలిసొస్తే, బిగుసుకున్న కొత్తదానికంటే అదే మేలని నా అభిప్రాయం. అరచేతి తోలు పలచబడి లోపలి మెత్త బయటపడలేదని, వేళ్ల గదుల కుట్లు విడిపోలేదని, లేసులు లాగితే తెగేంతగా ఎండిపోలేదని చూసుకుంటే చాలు. లేసులు కొత్తవి వేయించవచ్చు, అరిగిన అరచేతిని మాత్రం బాగుచేయలేం.

మీ వ్యాసంలో ప్రస్తావనకే రాని విషయం ఒకటి మిగిలింది. గ్లౌజు విసిరే చేతికి కాకుండా రెండో చేతికి తొడగాలి. ‘కుడిచేతి గ్లౌజు’ అని అమ్మేది కుడిచేత్తో విసిరేవారిది, అది ఎడమచేతికి ఎక్కుతుంది. ఈ తికమకలో తప్పు గ్లౌజు ఇంటికి చేరడం తరచూ జరిగేదే, దాన్ని వెనక్కిచ్చి మార్చుకోవచ్చు. ఎడమచేతి వాటం పిల్లల కష్టం అలా తీరేది కాదు. జట్టు సంచిలో ఉండే గ్లౌజులు దాదాపు అన్నీ కుడిచేతివాటం వారివే. ఎడమచేత్తో చక్కగా విసిరే పిల్ల ఆ గ్లౌజును ఎడమచేతికే తొడుక్కుని బంతి పట్టి, గ్లౌజు ఊడదీసి కింద పడేసి, అదే చేత్తో విసరడం నేను చాలాసార్లు చూశాను. అంతలో బేస్ మీదున్న అమ్మాయి తర్వాతి బేస్ చేరుకుంటుంది. కొందరు అదే గ్లౌజును బలవంతంగా కుడిచేతికి తొడుక్కుంటారు, అప్పుడు బొటనవేలి గదిలో చిటికెనవేలు ఉంటుంది. మరికొందరిని ‘కుడిచేత్తో విసరడం నేర్చుకో’ అని మార్చేస్తారు, వాళ్లు ఏ చేత్తోనూ సరిగ్గా విసరలేక ఆట మానేస్తారు. రాసే చెయ్యి చూసి విసిరే చెయ్యి ఇదేనని నిర్ణయించడం కూడా సరికాదు, కుడిచేత్తో రాస్తూ ఎడమచేత్తో విసిరే పిల్లలు ఉంటారు. చేతికి బంతి ఇచ్చి, ఏమీ చెప్పకుండా దూరంగా విసరమంటే తేలిపోతుంది. ఫస్ట్ బేస్‌లోనూ పిచింగ్‌లోనూ ఔట్‌ఫీల్డ్‌లోనూ ఎడమచేతివాటం వారికి ఎంతో గిరాకీ ఉన్న ఆట ఇది.

కాబట్టి ఆ వ్యాసానికి కొనసాగింపు రాసే ఉద్దేశం మీకుంటే, ‘ఒక సైజు పెద్దది’ అన్న వాక్యాన్ని సవరించడంతో పాటు, పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులను కలిసి వారి జట్టు సంచిలో ఎడమచేతివాటం పిల్లలకు పనికొచ్చే గ్లౌజులు ఎన్ని ఉన్నాయో అడిగి, ఆ సంఖ్యను ప్రచురించమని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక సాఫ్ట్‌బాల్ శిక్షకురాలు